సూపర్‌హీరో కామిక్స్: పాతవి చదవాలా, కొత్తవి చదవాలా, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలకొల్లులో డిగ్రీ చదువుతున్న తమ్ముడి ప్రశ్న ఇది. సినిమాలన్నీ చూసేశాడు, ఇప్పుడు అసలు పుస్తకాలు చదవాలని ఉంది. ఒక స్నేహితుడు "2000 తరవాత వచ్చినవన్నీ చెత్త, పాతవే చదువు" అన్నాడట. ఇంకో స్నేహితుడు "పాతవి చిన్నపిల్లలవి, పేజీ నిండా మాటలే, చదవలేం" అన్నాడట. కొందామని చూస్తే ఒకే హీరోకి ఐదారు ఒకటో నంబరు సంచికలు కనబడుతున్నాయి. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆఖర్న మన గోదావరి జిల్లాల్లో జరిగే సూపర్‌హీరో కథ గీస్తే ఎవరైనా చదువుతారా అని కూడా అడిగాడు.

తమ్ముడూ, నేను అమలాపురం దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. కుర్రతనం నుంచి ఈ పుస్తకాలు చదువుతున్నాను, ఇప్పటికీ నెలనెలా కొత్తవి చూస్తూనే ఉన్నాను. నీ స్నేహితులిద్దరి మాటా నేను ఒప్పుకోను. కొనేముందు ఏ సంవత్సరంలో వచ్చిందని చూడకు. ఎవరు రాశారు, ఎవరు గీశారు, వాళ్ళు మొదలుపెట్టిన కథని వాళ్ళే ముగించారా అని చూడు. మంచి సూపర్‌హీరో కామిక్‌ని పట్టుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

ఎందుకో చెబుతాను. చందమామలో బేతాళ కథలు నువ్వు చదవకపోయినా ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పాత సంచికల్లో చూసే ఉంటావు. శంకర్ గారు గీసిన ఆ బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. ప్రతి నెలా విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళ్తాడు, ప్రతి నెలా మౌనభంగం అవుతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. పాత సంస్కృత కథలు పాతిక అయిపోయాక కూడా పత్రిక కొత్తవి రాయించుకుంటూ దశాబ్దాల పాటు నడిపింది. పై కథ ఎప్పటికీ తెమలదని పాఠకులందరికీ తెలుసు. అయినా విసుగు పుట్టలేదు. ఎంచేతంటే బేతాళుడు చెప్పే లోపలి కథ ఆ నెలకి పూర్తయ్యేది. ప్రశ్న వచ్చేది, జవాబు వచ్చేది.

సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ కథల నిర్మాణం సరిగ్గా ఇదే. పై కథకి ముగింపు ఉండదు, ఉండనివ్వరు కూడా. ఎంచేతంటే ఆ పాత్రలు రచయితలవి కావు, కంపెనీలవి. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు సూపర్‌మ్యాన్‌ని 130 డాలర్లకి రాసిచ్చేశారు. వాళ్ళ పేర్లు మళ్ళీ పుస్తకం మీదకి రావడానికి 1975 దాకా పట్టింది. 1939లో బ్యాట్‌మ్యాన్ వేషం, కథ, స్వభావం దిద్దిన బిల్ ఫింగర్‌కైతే అధికారికంగా పేరు వేసింది 2015లో. ఆయన చనిపోయి అప్పటికి 41 ఏళ్ళు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. అంచేతనే నేను హీరో పేరుతో కాకుండా మనుషుల పేర్లతో పుస్తకాలు కొనమని చెబుతాను. వాళ్ళకి మనం చేయగలిగిన మర్యాద అది. మనకీ అందులో లాభముంది, ఎంచేతంటే ముగింపులేని పై కథ కింద ముగిసే లోపలి కథని చెప్పేది వాళ్ళే. ఒక రచయిత, ఒక చిత్రకారుడు కొన్నాళ్ళ పాటు కలిసి నడిపిన సంచికల వరసని అభిమానులు రన్ అంటారు. నువ్వు వెతకాల్సింది మంచి రన్‌ని. నంబరుతో పని లేదు.

నంబర్ల గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఒకటో నంబరు ఎక్కువ అమ్ముడవుతుంది కాబట్టి కంపెనీలు మాటిమాటికీ ఒకటి దగ్గర మొదలుపెడతాయి. 1991లో క్రిస్ క్లేర్‌మాంట్, జిమ్ లీ చేసిన ఎక్స్-మెన్ ఒకటో సంచిక రకరకాల కవర్లతో 80 లక్షల పైచిలుకు ప్రతులు పోయింది. కంపెనీలకి ఆ రుచి తగిలాక ఇంక ఆగలేదు. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 1963లో ఒకటో నంబరుతో వచ్చింది, మళ్ళీ 1999, 2014, 2015, 2018, 2022, 2025ల్లో కూడా ఒకటో నంబరుతోనే వచ్చింది. 2011 సెప్టెంబరులో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లని వేసే డీసీ కంపెనీ ఏకంగా 52 పత్రికల్ని ఒకటితో మొదలుపెట్టింది. అంచేత నంబరు చూసి కంగారు పడకు. అది కొత్త వాళ్ళ చేతికి పత్రిక వెళ్ళిందన్న గుర్తు, చాలాసార్లు అంతకుమించి ఏమీ కాదు.

ఇప్పుడు పాతవాటి సంగతి. "మాటలెక్కువ" అన్న నీ స్నేహితుడి మాట అబద్ధం కాదు. కానీ ఆ మాటలు ఎలా వచ్చాయో తెలిస్తే చదివే పద్ధతి మారుతుంది. 1960లలో స్పైడర్‌మ్యాన్‌ని వేసే మార్వెల్ కంపెనీలో రచయిత స్టాన్ లీ కథని క్లుప్తంగా చెప్పేవాడు, చిత్రకారుడు ఇంటికెళ్ళి పేజీలన్నీ గీసుకొచ్చేవాడు, ఆ తరవాతే లీ బుడగల్లో మాటలు నింపేవాడు. అంటే ఏ పేజీలో ఏం జరగాలి, ఎక్కడ ఆగాలి, ఏ ముఖం దగ్గరగా చూపించాలి అన్నది చాలావరకు గీసినవాడి నిర్ణయం. ఫెంటాస్టిక్ ఫోర్‌లో 1966లో గ్రహాల్ని మింగే గెలాక్టస్ కథ వచ్చినప్పుడు చిత్రకారుడు జాక్ కిర్బీ పేజీలు తెచ్చేసరికి అందులో లీ చెప్పని పాత్ర ఒకటి ఉంది, ఆకాశంలో పలక మీద తేలుతూ వచ్చే వెండి మనిషి. సిల్వర్ సర్ఫర్ అలా పుట్టాడు. కాబట్టి పాత మార్వెల్ పుస్తకం తీసినప్పుడు మొదటిసారి మాటలు చదవకు. బొమ్మలు మాత్రం వరసగా చూసుకుంటూ వెళ్ళు. కథ నీకు అర్థమైపోతుంది. రెండోసారి మాటలతో చదువు. మా బళ్లో పిల్లలకి నేను ఇదే పద్ధతి చెబుతాను, ఇంగ్లీషు రానివాళ్ళు కూడా కథ చెప్పేస్తారు.

ఒక్క పాత సంచికే చదువుతానంటే అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33 చదువు, 1966 ఫిబ్రవరిది, స్టీవ్ డిట్కో గీసింది. పీటర్, అంటే స్పైడర్‌మ్యాన్, నీళ్ళడుగున ఉన్న స్థావరంలో పెద్ద యంత్రం కింద నలిగిపోయి ఉంటాడు. పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి, కాసేపట్లో గది మునిగిపోతుంది. అత్త ప్రాణం నిలబెట్టే మందు అతని ఎదురుగానే ఉంది, చేతికి మాత్రం అందదు. కొట్టడానికి విలన్ లేడు. బరువు, నీళ్ళు, మందు సీసా, అంతే. డిట్కో ఆ యంత్రాన్ని ఎత్తడాన్ని పేజీలకి పేజీలు సాగదీస్తాడు. ముందు ఇరుకు గళ్ళు, అంటే ఒక్కో బొమ్మ చుట్టూ ఉండే చట్రాలు. వంగిన వీపు, బిగిసిన వేళ్ళు. ప్రయత్నం పెరుగుతున్నకొద్దీ గడి పెద్దదవుతుంది, చివరికి యంత్రం లేచినప్పుడు ఒక్క బొమ్మే పేజీ అంతా ఆక్రమిస్తుంది. గడి పరిమాణంతో బరువుని చూపించడం ఇంత శుభ్రంగా మళ్ళీ ఎవరూ చేయలేదని నా అభిప్రాయం. వరద నీరు ఇంట్లోకి రావడం చూసిన మనలాంటి వాళ్ళకి ఆ గదిలో పెరిగే నీటి మట్టం వేరేగా తగులుతుంది.

దాని తరవాత 1973 నాటి 121, 122 సంచికలు. జెర్రీ కాన్వే రాసినవి, గిల్ కేన్ గీసినవి. వంతెన మీంచి పడుతున్న పీటర్ ప్రియురాలు గ్వెన్‌ని స్పైడర్‌మ్యాన్ తన దారంతో పట్టుకుంటాడు. పట్టుకున్న చోటే, ఆమె మెడ పక్కన, చిన్న అక్షరాలతో ఒక చప్పుడు రాసి ఉంటుంది. వేగంగా చదివేవాళ్ళు దాన్ని దాటేసి వెళ్ళిపోతారు. అది చూసినవాళ్ళకి మాత్రం హీరో కాపాడటం వల్లే ఆమె పోయిందా అన్న ప్రశ్న వదలదు. 50 ఏళ్ళ కిందట, పిల్లల పుస్తకం అని అందరూ అనుకునే దాంట్లో, ఇంత ధైర్యం చేశారు.

1940, 50లవి? చరిత్ర మీద ఆసక్తి ఉంటే తప్ప మొదట్లోనే వద్దు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడి పుస్తకం, అమెరికా సెనేట్ విచారణ, వాటి వెనకే వచ్చిన కామిక్స్ కోడ్ (ఏం చూపించకూడదో చెప్పే నియమాలు) కలిసి చాలా ఏళ్ళు ఈ కథల కాళ్ళు కట్టేశాయి. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ దగ్గర నుంచి మొదలెడితే చాలు.

ఇక 1986. మన డెల్టాలో ఆ సంవత్సరం అనగానే ఆగస్టులో వచ్చిన గోదావరి వరద తప్ప ఇంకోటి గుర్తుకు రాదు. కామిక్స్ చదివేవాళ్ళకి కూడా అది గీత గీసినట్టున్న సంవత్సరం. ఫ్రాంక్ మిల్లర్ ముసలి బ్యాట్‌మ్యాన్ కథ ది డార్క్ నైట్ రిటర్న్స్, మిల్లర్, డేవిడ్ మజ్జుకెల్లి చేసిన డేర్‌డెవిల్ బోర్న్ అగైన్, అలన్ మూర్, డేవ్ గిబన్స్ చేసిన వాచ్‌మెన్, మూడూ ఆ ఏడాదివే. వాచ్‌మెన్ 12 సంచికలుగా 1987 దాకా నడిచింది. అందరూ వాచ్‌మెన్ చదవమనే చెబుతారు, నేనూ చెబుతాను, కానీ మొదట్లో వద్దు. ఆ పుస్తకం సూపర్‌హీరో కథల్ని విప్పి చూపిస్తుంది. విప్పకముందు వస్తువు ఎలా ఉండేదో తెలియకపోతే సగం రుచి పోతుంది. చదివేటప్పుడు ఐదో అధ్యాయాన్ని రెండు వైపుల నుంచీ తిప్పి చూడు. మొదటి పేజీ గళ్ళ కూర్పు చివరి పేజీలో తిరగబడి కనిపిస్తుంది, రెండోది చివరి నుంచి రెండో దాంట్లో, అలా నడిమి పేజీల దాకా. పేజీకి 9 గళ్ళన్న కట్టుబాటు పెట్టుకుని గిబన్స్ చేసిన పని అది. ఈ పుస్తకం గొప్పతనం హీరోలు చెడ్డవాళ్ళని చెప్పడంలో లేదు, ఈ అల్లికలో ఉంది.

తరవాత వచ్చిన వాళ్ళలో చాలామంది ఈ అల్లికని వదిలేసి చీకటినే నేర్చుకున్నారు. 1990ల మొదట్లో పళ్ళు బిగించిన ముఖాలు, ఒంటినిండా సంచులు, మోయలేనంత తుపాకులు, తళుకు కాగితం కవర్లు. ఈ భాగం దాటెయ్. అందులోంచి నిలబడ్డవి ఉన్నాయి. 1995లో మొదలైన కర్ట్ బ్యూసిక్ ఆస్ట్రో సిటీ, 1996లో మార్క్ వెయిడ్, అలెక్స్ రాస్ చేసిన కింగ్‌డమ్ కమ్. ఆస్ట్రో సిటీ గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. హీరోలు తిరిగే ఊళ్ళో మామూలు మనుషులు ఎలా బతుకుతారో చెప్పే కథలు అవి.

1986 వరసలో నీకు నిజంగా మొదట ఇవ్వాల్సింది బ్యాట్‌మ్యాన్ ఇయర్ వన్. మిల్లర్ రాశాడు, మజ్జుకెల్లి గీశాడు, రిచ్‌మండ్ లూయిస్ రంగులు వేసింది, 1987లో నాలుగే నాలుగు సంచికలు. పేరు బ్యాట్‌మ్యాన్‌దే గానీ ఆ కథ జిమ్ గోర్డన్ అనే పోలీసుది. లంచాలు మరిగిన స్టేషన్లో ఒంటరిగా నిలబడ్డ మనిషి, ఇంట్లో కడుపుతో ఉన్న భార్య, తన బలహీనతకి తనే సిగ్గుపడే మనిషి. చివర్లో వంతెన మీద పసిబిడ్డ దగ్గర జరిగేది చదివాక, ఆ కళ్ళద్దాల మాట విన్నాక, నాకు బ్యాట్‌మ్యాన్ కంటే గోర్డనే పెద్ద హీరోగా కనిపిస్తాడు. రంగులు కూడా చూడు. ఎక్కడా అరవవు. రాత్రి దీపాల కింద గది ఎలా ఉంటుందో అలాగే ఉంటాయి.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పాత కామిక్స్ రంగులు పీల్చుకునే చవక కాగితం కోసం వేసినవి. అదే రంగుని ఇప్పుడు తెల్లటి మెరిసే కాగితం మీద అచ్చేస్తే కళ్ళలో పొడుచుకుంటుంది. "పాతవి చూడలేం" అనేవాళ్ళలో సగంమంది చూసింది ఈ చెడ్డ పునర్ముద్రణల్నే. దొరికితే మెరవని కాగితం మీద వేసిన ప్రతి తీసుకో.

నా గుండెకి దగ్గరైన పుస్తకం మాత్రం పాతదాని కిందకీ రాదు, కొత్తదాని కిందకీ రాదు. 2005 నుంచి 2008 దాకా 12 సంచికలుగా వచ్చిన ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్. గ్రాంట్ మారిసన్ రాశాడు, ఫ్రాంక్ క్వైట్లీ గీశాడు. సూపర్‌మ్యాన్ పుట్టుక కథ మొదటి పేజీలో నాలుగు బొమ్మలు, ఎనిమిది మాటల్లో అయిపోతుంది. ఎందుకంటే అది అందరికీ తెలుసు, దాని మీద కాలం వృథా చేయరు. సూర్యుడి దగ్గర ఒకరిని కాపాడబోయి అతనికి మితిమీరిన శక్తి వస్తుంది, ఆ శక్తే అతన్ని చంపుతోంది. ఉన్న కొద్ది కాలంలో ఏం చేయాలన్నదే కథ. పదో సంచికలో ఒక పేజీ ఉంది. మేడ అంచున దూకబోతున్న అమ్మాయి, ఫోనులో డాక్టరు దొరకలేదు. సూపర్‌మ్యాన్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. డాక్టరు గారు నిజంగానే ఎక్కడో ఇరుక్కుపోయారని చెబుతాడు, నువ్వు అనుకుంటున్నదాని కంటే గట్టిదానివంటాడు, దగ్గరికి తీసుకుంటాడు. కొండలెత్తే మనిషి చేసిన పని అంతే. ఈ పేజీ చదివి, చావబోయి ఆగిపోయామని చెప్పినవాళ్ళు ఉన్నారు.

క్వైట్లీ గీత గురించి చెప్పకపోతే నా వృత్తికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. కళ్ళద్దాలు పెట్టుకుంటే సూపర్‌మ్యాన్‌ని ఎవరూ గుర్తుపట్టరా అని అందరూ అడుగుతారు. సూపర్‌మ్యాన్ కళ్ళద్దాలు పెట్టుకుని మామూలు మనిషిలా తిరిగేటప్పటి పేరు క్లార్క్. క్వైట్లీ ఆ క్లార్క్‌కి వేరే ఒళ్ళు ఇచ్చాడు. భుజాలు ముందుకి జారి, పొట్ట వదులై, ప్యాంటు సరిపోక, నడుస్తూ మనుషుల్ని గుద్దుకుంటూ ఉంటాడు. జాగ్రత్తగా చూస్తే ఆ గుద్దుకోవడంలో ఒక మనిషిని పైనుంచి పడేదాని కింద నుంచి తప్పించి ఉంటాడు. నరసాపురంలో పుట్టిన బాపు గారి బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది వెంటనే పట్టుబడుతుంది. నిలబడిన తీరులోనే మనిషి గుణం చెప్పేయడం, కళ్ళు గీయకముందే ఆవిడకి కోపమొచ్చిందని నడుము వంపుతో తెలియజేయడం బాపు గారికి అలవాటు. మన ఇళ్ళల్లో ఆ బొమ్మలున్న పుస్తకాలు ఉన్నాయి. అవి చూసిన కంటికి కామిక్స్ చదవడం కొత్త విద్యేం కాదు.

ఇక కొత్తవాటి మీద నా ఫిర్యాదు ఏమిటంటే, సాగదీత. 1962లో స్పైడర్‌మ్యాన్ పుట్టుక కథ 11 పేజీల్లో ముగిసింది. 2000లో బ్రయన్ బెండిస్, మార్క్ బాగ్లీ అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్‌లో అదే కథకి ఏడు సంచికలు తీసుకున్నారు. అక్కడ అది పనికొచ్చింది, పీటర్‌ని పెంచిన బెన్ బాబాయి చనిపోయేలోపు మనం ఆయనతో కలిసి ఇంట్లో తిరుగుతాం కాబట్టి. కానీ ఆ తరవాత ఐదారు సంచికలు కలిపి పుస్తకం వేయాలన్న లెక్కతో రెండు సంచికల సరుకుని ఆరింటికి పరచడం అందరికీ అలవాటైపోయింది. దానికి తోడు ఈవెంట్లు. పది పత్రికల హీరోలందర్నీ ఒక్క గొడవలోకి లాగి, అన్నీ కొంటే గానీ కథ తెలియకుండా చేస్తారు. మంచి రన్‌లు వీటివల్ల మధ్యలో తెగిపోవడం నేను చాలాసార్లు చూశాను. వీటిని నువ్వు నిర్దాక్షిణ్యంగా వదిలెయ్యొచ్చు.

అయినా ఈ పదిహేనేళ్ళలో వచ్చినవి ఏ కాలానికీ తీసిపోవు. మ్యాట్ ఫ్రాక్షన్, డేవిడ్ ఆయా చేసిన హాక్ఐ, 2012 నుంచి 2015 దాకా 22 సంచికలు. శక్తులేమీ లేని విలుకాడు, తన అపార్టుమెంటులో అద్దెకుండేవాళ్ళని రౌడీల నుంచి కాపాడుకుంటాడు, అంతే కథ. 11వ సంచిక కుక్క చూసినట్టుగా ఉంటుంది. మనుషుల మాటల్లో కుక్కకి తెలిసిన నాలుగు ముక్కలే కనిపిస్తాయి, మిగతాదంతా వాసనలు, గుర్తులు, బాణం గీతలు. ఇంగ్లీషు భయం ఉంటే ఇక్కడే మొదలుపెట్టు. ఏడో సంచిక నాకు ఇంకా ముఖ్యం. న్యూయార్క్, న్యూజెర్సీల్ని ముంచిన శాండీ తుఫాను మీద వెంటనే చేసిన కథ. అందులో సూపర్‌విలన్ లేడు. పొరుగాయన తండ్రి ఇల్లు మునుగుతుంటే వెళ్ళి సాయం చేయడమే హీరో పని. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరితోటలు నేలమట్టమైన కోనసీమలో ఆ సంచిక చదువుతుంటే అది మన కథలాగే ఉంటుంది.

మిస్ మార్వెల్, 2014, విల్లో విల్సన్ రాసింది, ఏడ్రియన్ ఆల్ఫోనా గీశాడు. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబంలో పిల్ల కమలా ఖాన్. రాత్రి ఎక్కడికెళ్ళావని అమ్మ అడిగే ప్రశ్న, అన్నయ్య భక్తి, నాన్న బెంగ, ఇవన్నీ మనిళ్ళే. శక్తి రాగానే ఆ పిల్ల చేసే మొదటి పని బంగారు రంగు జుట్టున్న తెల్లమ్మాయిలా మారిపోవడం, ఆ మారడం తనకే బిగుతుగా ఉండటం. మొదటి 19 సంచికలు చదువు, చాలు. టామ్ కింగ్, గాబ్రియేల్ వాల్టా చేసిన విజన్ 12 సంచికల్లో ముగుస్తుంది, ఎంత బాగుంటుందో అంత బాధపెడుతుంది. అల్ యూయింగ్ ఇమ్మోర్టల్ హల్క్ 50 సంచికలు, రాత్రి చదవద్దు. రచయిత జోనథన్ హిక్‌మన్ 2019లో హౌస్ ఆఫ్ ఎక్స్, పవర్స్ ఆఫ్ ఎక్స్‌తో ఎక్స్-మెన్‌కి సొంత దేశం ఇచ్చినప్పుడు నేను ఆశతో ఊగిపోయాను. ఆ 12 సంచికలు ఇప్పటికీ అద్భుతమే. కానీ ఆయన మధ్యలో వెళ్ళిపోయాడు, మిగతావాళ్ళు లాక్కొచ్చారు. మొదలుపెట్టినవాళ్ళే ముగించాలని నేను అన్నది ఇలాంటివాటి వల్లే.

ఈమధ్య వచ్చిన వాటిలో, 2024లో హిక్‌మన్, మార్కో చెకెట్టో మొదలుపెట్టిన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ నాకు నచ్చింది. పీటర్‌కి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక శక్తి వస్తుంది. భోజనాల బల్ల దగ్గర పేజీలు కొట్లాట పేజీల కంటే బాగుంటాయి. అదే ఏడాది అక్టోబరులో స్కాట్ స్నైడర్, నిక్ డ్రగోటా అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ వచ్చింది. ఇందులో బ్యాట్‌మ్యాన్ అయ్యే బ్రూస్ కోటీశ్వరుడు కాదు, బడిపంతులి కొడుకు, తల్లి బతికే ఉంది, తను ఇంజనీరు. ఊరి కాలువలు, వంతెనలు, గోడలు ఎలా కట్టారో తెలియడమే అతని బలం. కాటన్ దొర విగ్రహం ఊరూరా పెట్టుకుని దండలేసే మనకి, కట్టేవాడు హీరో అంటే వింతగా ఏం ఉండదు. రక్తం మాత్రం అవసరానికి మించి పారిస్తున్నారు. అబ్సల్యూట్ వరసలో అన్నిటికంటే బాగున్నది కెల్లీ థామ్సన్, హేడెన్ షెర్మన్ చేస్తున్న అబ్సల్యూట్ వండర్ వుమన్. నరకంలో మంత్రగత్తె పెంచిన పిల్ల, అయినా దయ పోగొట్టుకోదు. షెర్మన్ పేజీల కూర్పు చూడటానికే కొనొచ్చు.

కొనడం గురించి. మన వైపు కామిక్స్ దుకాణాలు లేవు, ఆన్‌లైన్ తప్పదు. విడి సంచికల జోలికి పోకు, కలిపి వేసిన పేపర్‌బ్యాక్‌లు తీసుకో. డీసీ 2024 నుంచి కాంపాక్ట్ పేరుతో చిన్న సైజువి వేస్తోంది, అమెరికాలో 9.99 డాలర్లు, పెద్ద సైజు కంటే బాగా చవక. ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్ అందులో ఉంది, ధైర్యంగా తీసుకో. వాచ్‌మెన్ మాత్రం ఆ సైజులో వద్దు, అక్షరాలు మరీ చిన్నవై కళ్ళు లాగుతాయి. మొదట ఇయర్ వన్, తరవాత హాక్ఐ, ఆ వెంటనే ఆల్-స్టార్, అప్పుడు డిట్కో. ఇంకో సంగతి, మన చెమ్మకి మెరిసే కాగితం పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వానాకాలంలో గోడకి ఆనించి పెట్టకు, ప్లాస్టిక్ సంచిలో బిగించకు, అప్పుడప్పుడు తీసి నీడలో గాలి తగలనివ్వు. తడిస్తే లాగి విడదీయకుండా, తడి మీదనే పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి ఫ్యాను కింద ఉంచు.

చివరి ప్రశ్న నన్ను అన్నిటికంటే సంతోషపెట్టింది. చదువుతారు, ఆ కథ ఇక్కడ తప్ప ఇంకెక్కడా జరగలేనిదైతే. 2004లో స్పైడర్‌మ్యాన్ ఇండియా అని నాలుగు సంచికలు వచ్చాయి, పవిత్ర్ ప్రభాకర్ అనే కుర్రాడు, పంచె కట్టు. జీవన్ కాంగ్ బొమ్మలు బాగుంటాయి. కానీ అమెరికా కథలో పేర్లు మార్చి పెట్టడంతో ముంబై ఊరు అందులో ఊపిరి పోసుకోలేదు. స్పైడర్‌మ్యాన్ న్యూయార్క్ వాడు, ఎంచేతంటే అంత ఎత్తు మేడలు లేకపోతే అతని దారానికి పనే లేదు. మనకి ఉన్నది నది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడో హెచ్చరిక నాటికి లంక గ్రామాల్లో పరిస్థితి నీకు నేను చెప్పక్కర్లేదు. గొడ్లని వదిలి పడవెక్కనని భీష్మించే ముసలాయన ఉంటాడు. పడవ ఒకటే, ఎక్కాల్సినవాళ్ళు రెండు ఒడ్డుల్లోనూ ఉంటారు. నీ హీరోకి ఏ శక్తి ఇచ్చినా సరే, ఆ శక్తి ఆ రాత్రికి సరిపోకూడదు, ఎవర్ని ముందు దాటించాలో వాడే తేల్చుకోవాలి.

పుట్టుక కథ గీయకు, వంద సంచికల పథకం వేయకు. ఎనిమిది పేజీలు, ఒక్క రాత్రి, ఆ రాత్రితో ముగిసిపోవాలి. ముందు చిన్న చిన్న గళ్ళతో పెన్సిల్ నమూనాలు వేసుకుని, మాటలు రాయకుండా ఎవరికైనా చూపించి కథ చెప్పమను. వాళ్ళు ఏ పేజీలో తడబడితే ఆ పేజీ మళ్ళీ గీయి. మాటలు ఆ తరవాతే. నమూనాలయ్యాక ఇక్కడే పెట్టు, గళ్ళ కూర్పు నేను చూసిపెడతాను.